కాన్పు అయ్యాక మా ఆవిడ మునుపటిలా లేదు, పుట్టింట్లో ఉంది, నేనేం చేయాలి?

వశిష్ఠ_గట్టు

అందరికీ నమస్కారం అండి. ఈ విషయం ఇంట్లో ఎవరితో మాట్లాడినా తేలట్లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. కొంచెం పెద్దగా ఉంటుంది, ఏమనుకోకండి.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం, పొద్దున్న లేస్తే చెరువు గట్ల మీదే ఉంటాను. మా ఆవిడ వాళ్ళది రాజోలు వైపు. తొలి కాన్పు కదా, ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి తీసుకెళ్ళారు. ఆపరేషన్ చేసి పాపని తీశారు, ఇప్పుడు ఏడో వారం నడుస్తోంది. పాప బాగుంది, నెలన్నర టీకాలు కూడా అయ్యాయి. బాలేనిది మా ఆవిడే.

మొదటి వారంలో ఊరికే ఏడ్చేది. నర్సమ్మలు మామూలే అన్నారు, సరే అనుకున్నాం. అది తగ్గాల్సింది పోయి ఇంకోలా మారింది. ఇప్పుడు ఏడవదు, మాట్లాడదు. ఫోన్ చేస్తే ఊ, ఆ, తిన్నాను, పాప పడుకుంది, అంతే. నేను ఒక మాట చెప్తే పది ప్రశ్నలు వేసే మనిషండి తను. పాప పడుకున్నా తను పడుకోదు, పైకప్పు చూస్తూ ఉంటుంది. వాళ్ళ పెరటి వెనకే పంట కాలువ. రాత్రి లేచి పెరటి తలుపు గడియ పడిందో లేదో చూసి వస్తుంది, కాసేపటికి మళ్ళీ లేస్తుంది. మొన్న ఆదివారం అక్కడే పడుకున్నాను కాబట్టి నా కళ్ళతో చూశాను, గడియ చేత్తో లాగి చూసి, తీసి, మళ్ళీ వేసి, తలుపుకి అడ్డంగా ఖాళీ బిందె ఒకటి పెట్టింది. ఎందుకంటే "పాప కాలువలో పడిపోతుందేమో" అంది. ఏడు వారాల పిల్ల, బోర్లా పడటం కూడా రాలేదు, కాలువ దాకా ఎలా వెళ్తుందండి?

ఇంకో మాట కూడా అంది, అదే నాకు నిద్ర లేకుండా చేస్తోంది. "దీనికి నాకంటే మంచి అమ్మ దొరికుంటే బాగుండేది" అని.

మా అమ్మేమో దిష్టి, అంతర్వేది తీసుకెళ్ళి దర్శనం చేయిస్తే పోతుంది అంటుంది. అత్తయ్య గారు బాలింత నీరసం, మూడో నెల వస్తే అదే సర్దుకుంటుంది అంటారు. చూడ్డానికి వచ్చేవాళ్ళు తలో రాయి వేసి పోతున్నారు, పాలు చాలట్లేదేమో అని ఒకరు, ఆడపిల్లేనా అని ఒకరు. ఆపరేషన్ చేసిన చోట చెకప్‌కి వెళ్తే కుట్లు చూసి పంపేశారు, మనిషి ఎలా ఉందని అడిగిన వాళ్ళే లేరు.

ఇది మామూలు నీరసమా, డాక్టర్‌కి చూపించాల్సిందా? మూడో నెల వచ్చేదాకా ఆగకుండా మా ఇంటికి తెచ్చేసుకుంటే మేలా? మానసిక డాక్టర్ అంటే మావయ్య గారు అస్సలు ఒప్పుకోరు, ఎలా చెప్పాలి? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాత_సిస్టర్

తమ్ముడూ, నేను ప్రసూతి వార్డులోనే పనిచేసి రిటైరయ్యాను. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మూడో నెల దాకా ఆగే విషయం కాదిది, ఈ వారంలో చూపించు.

మొదటి వారం ఏడుపు సంగతి వేరు. మాయ పడిపోగానే ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా కిందికి దిగిపోతాయి, దానికి నిద్రలేమి తోడవుతుంది. రెండో రోజో మూడో రోజో మొదలై రెండు వారాల్లోపు దానంతటదే పోతుంది. సగం మందికి పైగా తల్లులకు ఉంటుంది, మందులక్కర్లేదు. రెండు వారాలు దాటినా ఉండి, పైగా ముదురుతోందంటే దాన్ని డిప్రెషన్ అనే అనుమానించాలి. ఇదేదో మీ ఒక్క ఇంట్లోనే జరుగుతోందనుకోకు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో మన దేశం మీద ఒక సమీక్ష వచ్చింది, 38 అధ్యయనాలు కలిపి చూస్తే బాలింతల్లో 22 శాతం మందికి ఈ లక్షణాలున్నాయి. అంటే అయిదుగురిలో ఒకరు. మన వార్డుల్లో మాత్రం కుట్లు, బీపీ, బిడ్డ బరువు చూసి ఇంటికి పంపేస్తాం, ఆ మాటకొస్తే నీ కోపంలో న్యాయం ఉంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఏడుపు లేకపోవడం కాదు, బిడ్డ పడుకున్నా తను పడుకోలేకపోవడం. బిడ్డ లేపడం వల్ల నిద్ర లేకపోతే అది అలసట. అవకాశం ఉండి కూడా నిద్ర పట్టకపోతే అది జబ్బు గుర్తు.

గడియ సంగతి. బిడ్డకి ఏదో అయిపోతుందన్న ఆలోచనలు, బావిలో పడినట్టు, చేతిలోంచి జారినట్టు, చాలామంది తల్లులకి వస్తాయి, సిగ్గుపడి బయటికి చెప్పరు. ఆ ఆలోచన వచ్చిందని తనే హడలిపోయి, అలా జరక్కుండా కాపలా కాస్తోందంటే అది ఆందోళన. "పిల్ల అక్కడికి ఎలా వెళ్తుంది" అని వాదించి ప్రయోజనం లేదు, ఆ సంగతి తనకీ తెలుసు. "నాకు చెప్పావు, మంచిపని చేశావు, ఈ రాత్రి గడియ నేను చూసుకుంటా" అను, చాలు.

"నాకంటే మంచి అమ్మ" అన్న మాట దగ్గర మాత్రం మొహమాటపడకు. తనని ఒంటరిగా కూర్చోబెట్టుకుని సూటిగా అడుగు: "చచ్చిపోవాలని అనిపిస్తోందా? పాపకి ఏదైనా చేయాలన్న ఆలోచన వస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతారు, అలా ఏం కాదు, అడిగితే చాలామందికి బరువు దిగుతుంది. అవునంటే తనని ఒంటరిగా వదలొద్దు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇంకో రకం ఉంది, అరుదు, వెయ్యి కాన్పుల్లో ఒకటో రెండో, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే బయటపడుతుంది. రోజుల తరబడి నిద్ర లేకపోయినా హుషారుగా తిరగడం, ఎవరో పిలుస్తున్నారనడం, బిడ్డ గురించి వింత మాటలు, ఇంట్లోవాళ్ళ మీదే అనుమానం. అది కనిపిస్తే రేపు మాపు అనొద్దు, తల్లీబిడ్డల్ని ఒంటరిగా వదలకుండా 108కి ఫోన్ చేయాలి. నువ్వు రాసినదాన్ని బట్టి అలా అనిపించట్లేదు కానీ తెలిసుండాలి.

డాక్టర్ దగ్గరికెళ్ళే లోపు 14416కి ఫోన్ చెయ్యి. టెలి మానస్ అని 2022 అక్టోబరులో కేంద్రం పెట్టింది, డబ్బులుండవు, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు. నువ్వే ముందు చేసి అడగొచ్చు, తనే చేయాలని ఏం లేదు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా చేయించు. రక్తం తక్కువున్నా, కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా చేసినా మనిషి ఇలాగే చతికిలబడిపోతుంది. ఐరన్ మాత్రలు కాన్పయ్యాక ఆరు నెలలు వేసుకోవాలి, వేసుకుంటోందో లేదో డబ్బా తెరిచి చూడు.

గోదారోడు

అన్నా తప్పుగా అనుకోకు. మా నానమ్మ ఆరుగుర్ని కంది, నెల తిరక్కుండా నాట్లకి వెళ్ళింది. అప్పుడు ఈ డిప్రెషన్లు లేవు. ఫోన్ పక్కన పడేసి నాలుగు రోజులు పడుకోమను, అదే పోద్ది.

పెద్దమ్మ_అమలాపురం

అబ్బాయ్, మీ నానమ్మ నాటికీ ఉన్నాయి. గాలి సోకిందని వేపమండలతో బాదించేవారు, పుట్టింట్లో వదిలేసి ఇంకో పెళ్ళి చేసుకున్న మగాళ్ళనీ చూశాను నేను. కాలువలోకి దిగినవాళ్ళ గురించి ఊళ్ళో కాలు జారిందని చెప్పుకునేవాళ్ళు. అయినా నిద్రపట్టక చస్తున్న పిల్లని నాలుగు రోజులు పడుకోమనడమేంటి, అదేగా దాని బాధ!

వశిష్ఠ బాబూ, సిస్టర్ గారు చెప్పింది చెయ్యి. నేను మిగతా సంగతి చెప్తాను, నాకూ కూతురుంది, అల్లుడున్నాడు.

మీ అత్తగారి మీద కోపం పెట్టుకోకు. బాలింతని చూసుకోవడం అంటే ఆవిడకి తెలిసింది నలుగు పెట్టడం, వేన్నీళ్ళు పోయడం, సాంబ్రాణి వేయడం, వెల్లుల్లి కారం అన్నం పెట్టడం, పాలసొర తెప్పించి పిట్టు చేయడం. అవన్నీ ఒళ్ళు విరుచుకుని చేసే ఉంటుంది. ఇంత చేస్తుంటే కూతురు మొహం అలా పెట్టుకుందేమని లోపల ఆవిడకీ బెంగే. కాబట్టి "మీరు సరిగ్గా చూడట్లేదు" అన్నట్టు ఒక్క మాట దొర్లినా పని చెడుతుంది. "అత్తయ్యా, మీరు ఇంత చేస్తున్నా కోలుకోవట్లేదంటే లోపల ఏదో ఉంది, రక్తం పరీక్ష, థైరాయిడ్ చూపిద్దాం" అని మొదలుపెట్టు. మీ మావగారు దానికి అడ్డం చెప్పరు.

పథ్యంలో ఒక్కటి మాత్రం ఆపించు. మంచినీళ్ళు తగ్గించి ఇస్తుంటారు కొందరిళ్ళల్లో, పొట్ట వస్తుందని, బిడ్డకి జలుబు చేస్తుందని. పాలిచ్చే మనిషికి దాహం ఎక్కువ, అడిగినన్ని నీళ్ళివ్వాలి. కూరలూ అంతే, ఎన్నాళ్ళని కారం మెతుకులు తింటుంది. పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప, అన్నీ పెట్టొచ్చు.

అంతర్వేది వెళ్ళండి, స్వామిని చూస్తే మీ అమ్మగారి మనసు కుదుటపడుతుంది, ఎవరొద్దన్నారు? డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చాక వెళ్ళండి.

లంక_పిల్ల

నాకు ఇది జరిగింది అండి, బాబు పుట్టినప్పుడు. అందుకే చదవగానే లాగిన్ అయ్యాను. కొంచెం ఘాటుగా రాస్తాను, మీరు ఏమనుకున్నా సరే.

మీరు ఆదివారం వెళ్తున్నారు. అల్లుడు గారు వస్తున్నారంటే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మీకు తెలుసా? శనివారం సాయంత్రం నుంచే మీ అత్తగారికి హడావుడి, రొయ్యలు తెప్పించాలి, నాటుకోడి చెప్పాలి, గదిలో దుప్పట్లు మార్చాలి. మీరొచ్చాక ఆవిడ వంటింట్లోంచి బయటికి రారు. మావగారు మిమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి చెరువుల కబుర్లు పెడతారు. అంటే వారం మొత్తంలో మీ ఆవిడని, పాపని పట్టించుకునే మనిషి లేని పూట ఏదైనా ఉందంటే అది మీరొచ్చిన పూట. పైగా మీకోసం తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, బాగున్నట్టు మొహం పెట్టాలి. మా ఇంట్లో సరిగ్గా ఇదే, మా ఆయన ఆదివారం వెళ్ళిపోయాక సోమవారం నేను మంచం మీంచి లేవలేకపోయేదాన్ని.

కాబట్టి ముందు ఆ అల్లుడి మర్యాదలు మానిపించండి. వెళ్ళేటప్పుడు కూరగాయలో, టిఫిన్లో మీరే పట్టుకెళ్ళండి, "అత్తయ్యా ఈ పూట వంట వద్దు, మీరూ కాసేపు నడుం వాల్చండి" అనండి. మొదటిసారి గొడవ చేస్తారు, మొహమాటపడతారు, ఊళ్ళో ఏమనుకుంటారంటారు. మూడోసారికి అలవాటైపోతుంది.

ఇక నిద్ర. మాకు డాక్టర్ గారు మందు కాగితం రాసే ముందు అడిగిన మొదటి ప్రశ్న "ఏకబిగిన ఎన్ని గంటలు పడుకుంటున్నావమ్మా" అని. ఏకబిగిన నాలుగైదు గంటలు పడుకోగలిగితే సగం మనిషి వెనక్కి వస్తుందని చెప్పారు. మేం చేసింది ఇది. రాత్రి పాలు పట్టగానే బాబుని మా ఆయనకిచ్చేసి నేను పక్క గదిలోకి వెళ్ళిపోయేదాన్ని, తలుపు వేసుకుని. తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకోవడం, గుడ్డలు మార్చడం, చీర ఉయ్యాల ఊపడం అంతా ఆయనే. మధ్యలో ఆకలికి లేస్తే సాయంత్రం పిండి ఫ్రిజ్‌లో పెట్టిన పాలు గిన్నెలో వేడినీళ్ళలో ఉంచి గోరువెచ్చగా చేసి ఉగ్గు గిన్నెతో పట్టేవారు. పక్క గది అన్నది ముఖ్యం, పక్కనే పడుకుంటే బిడ్డ కదిలిన ప్రతిసారీ మెలకువ వస్తుంది. మా అమ్మకి ఇది అస్సలు నచ్చలేదు, మగాడు గుడ్డలు మార్చడమేంటని వీధి తలుపు వేసేసేది ఎవరూ చూడకుండా. వేసుకోనిచ్చాం.

మీ ఇంటికి తెచ్చేసుకోవాలా అని అడిగారు. మీరు పొద్దున్నే చెరువులకి వెళ్ళిపోతే అక్కడ తనకి ఎవరున్నారు? ఆడపిల్లేనా అన్నవాళ్ళలో మీ వైపు వాళ్ళున్నారా, రాయలేదు మీరు. తనని కదపడం కన్నా మీరే కొన్నాళ్ళు రాత్రుళ్ళు అక్కడికి వెళ్ళండి. పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటితే ఎంత దూరమని? అత్తారింట్లో అల్లుడు అన్ని రోజులుంటే ఇల్లరికం అని నవ్వుతారు, నవ్వనివ్వండి. ఏం కావాలో తననే అడగండి కూడా, పుట్టిల్లు అయినంత మాత్రాన ప్రతి అమ్మాయికీ అక్కడ హాయిగా ఉంటుందని రాసిపెట్టి లేదు.

కువైట్_నుంచి

నేను వెళ్ళలేనంత దూరంలో ఉన్నాను బ్రదర్, మా కోనసీమలో సగం ఇళ్ళు ఇంతే కదా, బిడ్డ పుట్టడం వీడియో కాల్‌లో చూస్తాం. దూరంగా ఉండి నాకు పనికొచ్చినవి చెప్తా.

"ఎలా ఉన్నావ్" అని అడగడం మానేశా. బాగున్నా అనే సమాధానమే వస్తుంది దానికి. "రాత్రి ఎన్నింటికి పడుకున్నావ్, మధ్యాహ్నం ఏం కూర, ఇవాళ ఎవరొచ్చారు, ఏమన్నారు" అని అడిగేవాణ్ణి. ఎవరొచ్చారు ఏమన్నారు అన్నదానికి మాత్రం మాటలు వచ్చేవి, తిట్లతో సహా. తిట్టనిచ్చేవాణ్ణి, మా అమ్మనైనా సరే, "ఆవిడ ఉద్దేశం అది కాదులే" అని మధ్యలో దూరేవాణ్ణి కాదు. అది చాలా కష్టం, చెప్తున్నా.

రెండోది, చుట్టాల వీడియో కాల్స్ నేనే ఆపించా. పాపని చూపించు, పాపని లేపు అని పగలంతా ఒకటే గోల. ఫ్యామిలీ గ్రూపులో "రోజూ సాయంత్రం ఒక ఫోటో నేనే పెడతా, తనకి ఎవరూ ఫోన్ చేయొద్దు, డాక్టర్ చెప్పారు" అని పెట్టేశా. డాక్టర్ చెప్పలేదు, అది వేరే విషయం. పాలు, ఆడపిల్ల, నలుపు తెలుపు, ఇలాంటి మాటలు అనేవాళ్ళకి సమాధానం చెప్పాల్సింది బాలింత కాదు, మనం. మీ అమ్మగారు ఏమైనా అని ఉంటే మీరే చెప్పాలి, మీ ఆవిడ ఎదురుగా చెప్తే ఇంకా మంచిది.

ఇంకోటి, నువ్వు కూడా పడుకో. తండ్రుల్లో కూడా పదిమందిలో ఒకరికి ఈ డిప్రెషన్ వస్తుందట, మా కంపెనీ డాక్టర్ చెప్పాడు. మనకి చెప్పుకునే అలవాటు లేదు, మందు బాటిల్ దగ్గర తేలుతుంది అంతే.

పాత_సిస్టర్

పెద్దమ్మగారు చెప్పిన థైరాయిడ్ దారి మంచిదే, కానీ ఒక్క మాట. మావగారికి అలా చెప్పు, ఇబ్బంది లేదు, ఆ పరీక్షలు నిజంగానే కావాలి. మీ ఆవిడకి మాత్రం అబద్ధం చెప్పి తీసుకెళ్ళకు. రక్తం పరీక్ష అని చెప్పి మానసిక వైద్యుడి ముందు కూర్చోబెడితే ఇక నీ మాట కూడా నమ్మదు. "నీకు నిద్ర పట్టట్లేదు, భయం వేస్తోంది, దానికి చూసే డాక్టర్ దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తా" అని ఉన్నదున్నట్టు చెప్పు.

లంక పిల్ల చెప్పిన పిండిన పాల పద్ధతి మంచిదే, గిన్నె మాత్రం ముందే నీళ్ళలో శుభ్రంగా మరిగించి ఉంచాలి. ఫ్రిజ్‌లో పెట్టినవి ఒకసారి వెచ్చబెట్టాక మిగిలితే మళ్ళీ వాడొద్దు.

బాలింతల్లో డిప్రెషన్ ఉందేమో చూడ్డానికి ఎడిన్‌బరో ప్రశ్నలు అని ఒక కాగితం ఉంది, 1987 నుంచి ప్రపంచమంతా వాడుతున్నారు. పది ప్రశ్నలు, గడిచిన ఏడు రోజుల్లో ఎలా ఉందో టిక్కు పెట్టాలి, మొత్తం 30 మార్కులు. 13 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టర్ తప్పకుండా చూడాలంటారు, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువకే పిలుస్తారు. పదో ప్రశ్న తనకి తాను హాని చేసుకునే ఆలోచన గురించి, దానికి ఎప్పుడో ఒకసారి అని టిక్కు పెట్టినా మొత్తం మార్కులతో పని లేదు, వెంటనే చూపించాలి. తనే పెట్టాలి టిక్కులు, నువ్వు పక్కన కూర్చుని పెట్టించకు.

వశిష్ఠ_గట్టు

అందరికీ చాలా థాంక్స్ అండి. రెండు రోజులు చెరువుల పని ఇంకొకరికి అప్పజెప్పి ఇక్కడే ఉన్నాను, రాజోలు నుంచే రాస్తున్నా. లంక పిల్ల గారూ, రొయ్యల సంగతి అక్షరాలా నిజం, నేను చెప్పకుండా వచ్చాను కాబట్టి ఈసారి పప్పుచారుతో సరిపెట్టారు. ఆడపిల్లేనా అన్నది మా వైపే. మా పెద్దత్త. మాట్లాడతాను.

సిస్టర్ గారు చెప్పినట్టు సూటిగా అడిగాను. అడగడానికి నాకు నోరు పెగల్లేదు, పాప గుడ్డలు మడతపెడుతూ అడిగాను. చచ్చిపోవాలని లేదు అంది, పాపని ఏదైనా చేయాలని అస్సలు లేదు అంది, "ఎవరూ లేపని చోటికి వెళ్ళి పడుకోవాలని ఉంది" అంది. తర్వాత చాలాసేపు ఏడ్చింది. ఆపమనలేదు నేను. 14416కి కూడా చేశాం, ముందు నేను, తర్వాత తను, ఏం మాట్లాడిందో అడగలేదు.

రాత్రి పాపని నేనే చూసుకున్నాను. గడియ నేనే వేసి చూపించాను, అయినా ఒకసారి లేచి వచ్చి చూసి వెళ్ళింది. మావయ్య గారు రక్త పరీక్ష అంటే సరే అన్నారు, ఇవ్వాళ పొద్దున్న ఇచ్చొచ్చాం. భీమవరంలో సైకియాట్రిస్ట్ దగ్గర శుక్రవారానికి నంబర్ రాయించాను. ఆ సంగతి తనకీ అత్తయ్య గారికీ తెలుసు, మావయ్య గారికి ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు కొత్త చిక్కు. మందులు రాస్తే పాలు మానేయాల్సి వస్తుందేమో, అలా అయితే నేను వేసుకోను అని ఖరాఖండిగా చెప్తోంది. దీనికి ఏం చెప్పాలి?

పాత_సిస్టర్

సూటిగా అడిగావు, సంతోషం. పాలు మానాల్సిన పని సాధారణంగా రాదు. పాలిచ్చే తల్లులకి ఎక్కువగా రాసే సెర్ట్రాలిన్ లాంటి డిప్రెషన్ మందులు పాలల్లోకి వెళ్ళేది బహు తక్కువ, ఏళ్ళ తరబడి వాడుతున్న మందులే. నా మాట మీద ధైర్యం చెప్పకు, డాక్టర్‌నే అడగమను, "నేను పాలిస్తున్నాను, మానను" అన్నది గదిలోకి వెళ్ళగానే తను చెప్పాల్సిన మొదటి మాట. దాన్ని బట్టే మందు ఎంచుతారు. తేలికపాటిదైతే మందు లేకుండా కౌన్సెలింగ్‌తోనే మొదలుపెట్టే డాక్టర్లూ ఉన్నారు.

మందు రాస్తే గుర్తుంచుకోవాల్సినవి. ఇవాళ వేసుకుంటే రేపటికి తెలియదు, రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారం కడుపులో వికారం, తలనొప్పి ఉండొచ్చు, అప్పుడే చాలామంది ఆపేస్తారు. బాగైందనిపించాక ఆపేసేవాళ్ళు ఇంకొందరు, అది మరీ ప్రమాదం, బాగయ్యాక కూడా నెలల తరబడి వాడి, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. పెళ్ళికి ముందు ఎప్పుడైనా తనకి కానీ, వాళ్ళింట్లో ఎవరికైనా కానీ ఇలాంటివి వచ్చాయా, మరీ ఎక్కువ హుషారుగా, నిద్ర లేకుండా గడిపిన రోజులున్నాయా అని డాక్టర్ అడుగుతారు, దాచొద్దు, ఆ సమాధానాన్ని బట్టి మందే మారిపోతుంది. అత్తగారిని ముందే అడిగి ఉంచుకో.

డిశ్చార్జి కాగితం, రక్త పరీక్ష రిపోర్టు, వాడుతున్న మాత్రల అట్టలు పట్టుకెళ్ళు. లోపలికి నువ్వూ వెళ్ళు కానీ కాసేపటికి బయటికి వచ్చేసి తనని ఒంటరిగా మాట్లాడనివ్వు, నీ ఎదురుగా చెప్పలేనివి ఉంటాయి. అక్కడ ఎందుకైనా కుదరకపోతే కాకినాడ ప్రభుత్వ పెద్దాసుపత్రి, అదే జీజీహెచ్‌లో సైకియాట్రీ విభాగం ఉంది, ఓపీకి పొద్దున్నే వెళ్ళాలి.

లంక_పిల్ల

శుక్రవారం బండి మీద మాత్రం తీసుకెళ్ళకండి, ఆపరేషన్ ఒళ్ళు, మన రోడ్లు తెలిసిందే. కారు మాట్లాడండి, అత్తగారిని కూడా ఎక్కించుకోండి, తను లోపల ఉన్నంతసేపూ పాపని ఎత్తుకోవడానికి. అక్కడ ఎంతసేపు కూర్చోబెడతారో తెలియదు, బయల్దేరే ముందు పాలు పట్టించి, ఇంకోసారికి పట్టడానికి కారులోనే పరదాకి చీర ఒకటి పెట్టుకోండి.

మావగారికి మీరు చెప్పొద్దు. అత్తగారినే చెప్పనివ్వండి, రాత్రి అన్నాలయ్యాక.

వశిష్ఠ_గట్టు

అత్తయ్య గారు నిన్న రాత్రే చెప్పేశారటండి. మావయ్య గారు ఏమీ అనలేదు, పొద్దున్నే కారు ఆయనే మాట్లాడుకొచ్చారు. శుక్రవారం వెళ్ళొచ్చాక ఇక్కడ రాస్తాను.